వేడి గిన్నె దాటేదాకా

మా ఊరి పేరు రాయను. నందిగామలో వీరులపాడు వైపు వెళ్ళే బస్సెక్కితే దారిలో తగులుతుంది, అంతవరకు చెప్పగలను. పేరు రాస్తే మళ్ళీ అందరి ఫోన్లలో తిరుగుతుంది. ఒకసారి తిరిగింది చాలు.

రాయాలనుకున్నది మహిమ గురించి. ఈమధ్య ఏ పని మొదలుపెట్టినా సగంలో లేచిపోతున్నాను. కందిపప్పు చాటలో పోసుకుని కూర్చుంటాను, రెండు రాళ్ళు ఏరగానే లేచి వాకిట్లోకి వెళ్తాను, ముందు గదికి వేసిన తాళం చూసి వెనక్కి వస్తాను. "ఒక్కచోట కుదురుగా కూర్చోలేవా ప్రమీలా?" అంటారు మా ఆయన కృష్ణయ్యగారు. కుదురు ఏ కొట్లో దొరుకుతుందో చెబితే నేనే వెళ్ళి తెచ్చుకుంటాను.

ఆ ముందు గదిలో అంగన్‌వాడీ నడిచేది. ఒకప్పుడు మేం పత్తి పోసుకున్న గది. ఊళ్ళో అంగన్‌వాడీకి సొంత కట్టడం లేదంటే అద్దెకిచ్చాం. నా వంటింటి కిటికీ ఆ గదిలోకే తెరుచుకుంటుంది. పొయ్యి దగ్గర నిలబడితే పిల్లలంతా కనిపిస్తారు. కాబట్టి నేను చెప్పేది ఎవరో చెబితే విన్నది కాదు.

మహిమ అక్కడ టీచరు. వాళ్ళమ్మ ఆరోగ్యమ్మ మా పొలంలో నాట్లకీ పత్తి తీతకీ వచ్చేది. చర్చి ఉన్న పేటలో ఉంటారు. కూలి చేస్తూనే కూతుర్ని నందిగామలో డిగ్రీ దాకా చదివించింది. అల్లుడు బెన్ని జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో వెల్డరు. గది అద్దెకిచ్చినప్పుడు మావాళ్ళు కొందరు మూతి ముడిచారు. "టీచరు వాళ్ళ మనిషట కదా, తెచ్చి ఇంటి ముందే పెట్టుకున్నారా?" అన్నారు. ఆ టీచరు తల్లి తీసిన పత్తిని అదే గదిలో పైకప్పు దాకా పోసినప్పుడు ఎవరికీ ఏ అభ్యంతరమూ కనిపించలేదు.

మహిమ మనిషి సన్నం, గొంతు పెద్దది. పాట పాడితే శ్రుతి ఒకవైపు, తను ఒకవైపు. బల్లిని చూస్తే బెంచీ ఎక్కేది, పిల్లలే వచ్చి తోలాలి. పిల్లలు ఎంత చిన్నవాళ్ళైనా పేరు చివర "గారు" తగిలించి పిలిచేది. "లహరిగారూ, ముక్కు తుడుచుకుని రండి." లహరి నా మనవరాలు, నాలుగేళ్ళది. జూన్‌లో నందిగామ కాన్వెంటులో వేస్తామని వాళ్ళ నాన్న అంటూనే ఉన్నాడు గానీ, ఈలోగా అది పాలు తాగగానే ముందు గదిలోకి పరుగెత్తేది. మధ్యాహ్నం ఇంట్లోకొచ్చి "నాయనమ్మగారూ, మంచినీళ్ళివ్వండి" అనేది. నాకు నవ్వు ఆగేది కాదు.

"ఈ గార్లేంటమ్మా మహిమా, పసిపిల్లలకి?" అని అడిగాను ఒకసారి.

"గారూ అని పిలుస్తూ జుట్టు పట్టుకోడం కష్టమండి" అంది. నిజమే, ఆ గదిలో కొట్లాటలు బాగా తగ్గాయి.

మహిమకు బొట్టు ఉండదు. వాళ్ళ చర్చిలో పెట్టుకోరు. అంగన్‌వాడీలో కడుపుతో ఉన్నవాళ్ళకు సీమంతం చేయాలి, అది గవర్నమెంటు పని. గాజులు, పసుపు కుంకుమ, పళ్ళు, చలిమిడి. మొట్టమొదటిసారి కుంకుమ భరిణె పట్టుకుని గది మధ్యలో అలా నిలబడిపోయింది. పెడితే వాళ్ళ చర్చిలో అడుగుతారు, పెట్టకపోతే మా వీధిలో అడుగుతారు. కిటికీలోంచి చూసి నేనే వెళ్ళాను. నేను బొట్టు పెట్టాను, తను గాజులు తొడిగింది. అప్పటినుంచీ అదే పద్ధతి అయిపోయింది. బొట్టు నాది, గాజులు తనవి. గాజు చిట్లకుండా తొడగడం తనకు బాగా వచ్చు. "చెయ్యి వదులుగా పెట్టి, మనసులో మీ అత్తగారిని తిట్టుకోండి, నొప్పి తెలీదు" అనేది. మా కోడలు కృష్ణప్రియకు లహరి కడుపులో ఉన్నప్పుడు కూడా అలాగే అంది, నేను పక్కన ఉండగానే.

దానికీ మాటలు వచ్చాయి. బొట్టు లేని చెయ్యి తొలిచూలుదానికి గాజులు తొడగొచ్చా అని మావాళ్ళు. కుంకుమ భరిణె చేత్తో పట్టుకుందట అని వాళ్ళవాళ్ళు. రెండు మాటలూ ఒక్క రోజే నా చెవిన పడ్డాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. పుట్టిన పిల్లలు మాత్రం గుండ్రాళ్ళలా తిరుగుతున్నారు, వాళ్ళనెవరూ అడగరు.

ఇక అసలు సంగతి. ఆ మధ్య ఒకరోజు ఆయా ఆదెమ్మ పప్పు గిన్నె పట్టుకుని వడ్డిస్తోంది. రత్తయ్య మనవడు గుడ్డు కోసం చెయ్యి చాపాడు. గరిటె తగిలి వేడి పప్పు వాడి ముంజేతి మీద పడింది. చర్మం ఊడి వచ్చింది. మహిమ వాణ్ణి ఎత్తుకుని చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తి, ఆటో ఆపి, నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. వాడికి తగ్గింది. తనకు తగ్గలేదు. గిన్నె లోపలికి వస్తుంటే తను వెళ్ళి పిల్లలకి అడ్డంగా నిలబడడం నేను కిటికీలోంచి చూశాను. "చేతులు చాపద్దు" అని ఎంత చెప్పినా పిల్లలు చాపుతారు. కళ్ళముందు గుడ్డు కనిపిస్తుంటే ఎవరు ఆగుతారు?

అప్పుడు ఒక ఆట కనిపెట్టింది. గిన్నె గుమ్మం దగ్గరికి రాగానే "పప్పుగారు వస్తున్నారు!" అని కేకేసేది. వెంటనే పిల్లలంతా కళ్ళు మూసుకుని రెండు చేతులూ గుండెల మీద పెట్టుకోవాలి. వాసన పట్టి ఈరోజు ఏ పప్పో కనిపెట్టాలి. దోసకాయా, టమాటానా, తోటకూరా? పైకి అనకూడదు, పక్కవాళ్ళు కాపీ కొడతారు. పెదాలతో లోపల్లోపల అనుకోవాలి. వరస మొత్తం వడ్డించి ఆదెమ్మ గిన్నెని అటు గోడ దగ్గర పెట్టేశాక మహిమ "పప్పుగారు దాటారు!" అనేది. అప్పుడు కళ్ళు తెరిచి ఒక్కసారిగా అరిచేవాళ్ళు. ఆ అరుపుకి నా పొయ్యి మీద పాలు పొంగిన రోజులున్నాయి. ఆ తర్వాత ఏ ఒక్కరికీ వేడి చుక్క తగల్లేదు.

మా అబ్బాయి కిషోర్‌బాబుకి నందిగామలో ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. చెడ్డవాడు కాదు. పత్తి చేలో ఆరోగ్యమ్మను పాము కరిచినప్పుడు బండి మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది వాడే. కానీ ఈమధ్య వాడి ఫోను వాడి చేతిలో ఉండడం లేదు, వాడే ఫోను చేతిలో ఉంటున్నాడు. మన ధర్మం, వాళ్ళ పన్నాగం అని పొద్దస్తమానం ఏవో వస్తుంటాయి, వాడు చూస్తుంటాడు. ఒక మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, వంటింట్లో నా పక్కన నిలబడి కిటికీలోంచి ఆ గదిని ఫోనులో తీశాడు. లహరిని తీసుకుంటున్నాడనుకుని నేనే పక్కకు జరిగి చోటిచ్చాను.

సాయంత్రానికి అది జగ్గయ్యపేటలో మా చెల్లెలి దగ్గర్నుంచి తిరిగి నా ఫోనుకే వచ్చింది. పిల్లలు కళ్ళు మూసుకుని, గుండెల మీద చేతులు పెట్టుకుని, పెదాలు కదుపుతున్నారు. చివర్లో వాళ్ళు అరిచిన అరుపు లేదు, అక్కడికి కోసేశారు. వెనక ఏదో గుండెలదిరే సంగీతం. పైన ఎర్రక్షరాలు: మన పిల్లల చేత ఎవరి ప్రార్థన?

"ఒరేయ్, అది పప్పు ఆటరా" అన్నాను.

"నీకు తెలీదులే అమ్మా. వాళ్ళు ఇలాగే మొదలుపెడతారు. చూడ్డానికి ఆటలాగే ఉంటది."

"నేను రోజూ చూస్తున్నా కదరా!"

"రోజూ చూసేవాళ్ళకే కనబడదు."

చూసినదానికి తెలియదట, చూడనివాడికి తెలుసట. మర్నాటినుంచి మా వీధి పిల్లలు సగానికి సగం రావడం మానేశారు. నందిగామలో ఆఫీసుకు ఫిర్యాదు వెళ్ళింది. కింద పెట్టిన మొదటి సంతకం మావాడిదే. లహరిని మాత్రం ఆపలేకపోయాడు. అది ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంది, తగ్గగానే మళ్ళీ వెళ్ళి కూర్చుంది.

మావాళ్ళ సంగతి ఇలా ఉంటే, ఆదివారం నాడు చర్చి మైకులో పాస్టరు స్తెఫనుగారి గొంతు మా వాకిట్లోకి వినిపించింది. ఆయనా ఆ వీడియో చూశారు. చూసి పొంగిపోయారు. "మన సహోదరి మహిమ ద్వారా ఈ ఊరి చిన్నబిడ్డలు ప్రభువు సన్నిధిలో చేతులు జోడిస్తున్నారు, స్తోత్రం!" అన్నారు. చప్పట్లు మోగాయి. ముగ్గు గిన్నె చేతిలో పట్టుకుని నేను అలాగే నిలబడిపోయాను. నాకు తెలిసి మా రెండు వీధులూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదలు. ఆ ఒక్క మాటా అబద్ధం. మావాడు మైకులో వచ్చింది కూడా ఫోనులో ఎక్కించుకున్నాడు. "వాళ్ళ పాస్టరే చెప్తున్నాడు, ఇంకేం కావాలి?" అన్నాడు.

సోమవారం మహిమ నా వంటింటి గుమ్మంలో కూర్చుంది. కూర్చోవడమే నాకు వింతగా తోచింది, ఎప్పుడూ నిలబడి మాట్లాడే మనిషి.

"నిన్న లేచి, కాదండి అయ్యగారూ, అనాలనుకున్నానండి. అందరూ చప్పట్లు కొడతన్నారు. మా అమ్మ సంతోషంతో ఏడుస్తుంది. ఎలా అననండి?"

"ఎల్లుండి విచారణకి ఆఫీసు మేడం వస్తుంది కదా. అక్కడైనా అనాలిగా."

"అంటానండి. అంటే మావాళ్ళకి నేను పేతురునవుతా." ఎవరా పేతురు అని అడిగాను. "యేసుప్రభువుని పట్టుకెళ్ళినప్పుడు, ఆయనెవరో నాకు తెలీదు అన్న శిష్యుడండి" అంది.

"నువ్వు చేయించనే లేదు కదమ్మా. లేనిది లేదని చెప్పడానికి భయమెందుకు?"

"చేయించలేదండి. కానీ చేస్తానండి." తల వంచుకుంది. "మా ఇంట్లో, పడుకోబోయే ముందు. ఒక్కొక్కళ్ళ పేరూ చెప్పి. లహరిగారి పేరు కూడా. అడిగితే అది కూడా చెప్పాలా అమ్మగారూ?"

"అదెవరడుగుతారు!" అన్నాను. లేచి వెళ్ళిపోయింది. నేను రెండు రోజులూ తిన్నది తెలియదు, పడుకున్నది తెలియదు. మా ఆయనను నాలుగు తిట్టాను, పాపం, ఆయన చేసిందేమీ లేదు.

బుధవారం మేడం వచ్చింది. నెమ్మదైన మనిషే. గది నిండా జనం. ఒక గోడకు మావాడు, నందిగామ నుంచి వచ్చిన వాడి స్నేహితులు. ఇంకో గోడకు స్తెఫనుగారు, ఆరోగ్యమ్మ, పేట ఆడవాళ్ళు. మధ్యలో పిల్లలు. "కళ్ళు మూసుకుని ఏమనుకుంటారమ్మా?" అని మేడం అడిగితే అంతమంది పెద్దవాళ్ళను చూసి ఒక్కరూ నోరు విప్పలేదు. లహరి నా చీర కుచ్చిళ్ళలో దూరింది. ఆదెమ్మను అడిగితే "నేను గిన్నె చూసుకుంటానండి, పిల్లల్ని చూడను" అంది. రోజూ ఆ ఆటకి అందరికంటే ముందు నవ్వే మనిషి. దాన్నీ తప్పుపట్టలేను, దాని ఇల్లు మావాళ్ళ మధ్యే ఉంది.

నేను చెప్పాను. రత్తయ్య మనవడి చెయ్యి కాలిన దగ్గర్నుంచి మొత్తం చెప్పాను.

"అమ్మా, నువ్వు లోపలికెళ్ళు" అన్నాడు మావాడు.

"గది అద్దెకిచ్చానురా, నోరు అద్దెకివ్వలేదు" అన్నాను.

మేడం మహిమ వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. పిల్లల చేత ప్రార్థన చేయించావా?"

"లేదండి. ఎప్పుడూ చేయించలేదు."

ఆరోగ్యమ్మ ముఖం ఎలా అయిపోయిందో నేను చూశాను. స్తెఫనుగారు ముందుకొచ్చారు. "చేయిస్తే మాత్రం తప్పేముంది తల్లీ? మంచి మాటే కదా. ఎందుకు దాచుకుంటావు?"

"దాచుకోవట్లేదండి అయ్యగారూ. చేయించనిదాన్ని చేయించానని ఒప్పుకోలేను." పేట ఆడవాళ్ళలో ఒకావిడ చీర కొంగు సర్దుకుని బయటికి వెళ్ళిపోయింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. మావాడు ఊరుకోలేదు. "అయితే మా పిల్లల కోసం నువ్వు అసలు ప్రార్థనే చెయ్యవా? నీ బైబిలు మీద ఒట్టేసి చెప్పు."

మహిమ నావైపు చూసింది. వద్దని తల అడ్డంగా ఊపాను. ఒక్క అబద్ధం చాలు, ఉద్యోగం నిలుస్తుంది, ఇల్లు నిలుస్తుంది.

"చేస్తానండి" అంది. "మా ఇంట్లో. లహరిగారి పేరు కూడా చెప్తాను."

"ఏమని?"

"మొన్న జ్వరం వచ్చింది కదండి. తగ్గాలని."

గది గదంతా లేచింది. "విన్నారా మేడం! ఒప్పేసుకుంది!" ఎవరేమంటున్నారో వినిపించలేదు. నాకు ఆవేశం ఆగక నేనూ అరిచాను. ప్రతి శనివారం నేను వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టి, బెన్ని ఫ్యాక్టరీ నుంచి క్షేమంగా ఇంటికి రావాలని దణ్ణం పెట్టుకుంటాను. మరి నా మీద ఏ ఆఫీసు విచారణ పెట్టింది? వాళ్ళ మతం చెడగొట్టానని ఎవరు ఫిర్యాదు చేశారు? ఎవరో నవ్వారు. పెద్దావిడ, వదిలేయండి అన్నారు.

తప్పేమీ కనిపించలేదని మేడం రాసింది. రాసినా, గొడవ చల్లారేదాకా అని మహిమను వత్సవాయి వైపు ఇంకో ఊరికి పంపించారు. తప్పు లేనప్పుడు పంపడమెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అంగన్‌వాడీని మా గదిలోంచి తీసి స్కూలు పక్కకు మార్చారు. కొత్తగా వచ్చినామెకు ముందే చెప్పారట, కళ్ళు మూయించొద్దని. మహిమ పొద్దున్నే నందిగామ బస్సెక్కి, అక్కడ దిగి, జగ్గయ్యపేట బస్సెక్కి, ఆపైన ఆటోలో వెళ్తుంది. చర్చిలో తన చాప పక్కన ఇప్పుడు ఎవరూ కూర్చోవడం లేదని ఆదెమ్మ చెప్పింది. వాళ్ళమ్మ కూడా మాట్లాడడం లేదట. మావాళ్ళకు మతం మార్చేది, వాళ్ళవాళ్ళకు దేవుణ్ణి కాదన్నది. ఆ మనిషి చేసిందల్లా పిల్లల చేతులు కాలకుండా చూడడం.

తాళంచెవి ఇవ్వడానికి వచ్చింది. ఇస్తూ అంది, "లహరిగారు కూర్చున్న దగ్గర వేడి గిన్నెలు పెట్టకండి అమ్మగారూ. చేతులు చాపడం ఎక్కువ." ముందు గది ఒకసారి తొంగి చూసి వెళ్ళిపోయింది. నేను తలుపు వేసి లోపల కూర్చుని ఏడ్చాను.

నిన్న ఆదివారం, మావాడు ఇంట్లోనే ఉన్నాడు. భోజనాలకు కూర్చున్నాం. వాడి పక్కన లహరి. కృష్ణప్రియ పొయ్యి మీద నుంచి దించిన మామిడికాయ పప్పు, పొగలు కక్కుతున్న గిన్నెతో సహా తీసుకొచ్చింది. లహరి టక్కున కళ్ళు మూసుకుంది. రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. పెదాలు కదుపుతోంది.

మావాడు అన్నంలో పెట్టిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇంట్లో మైకు లేదు, సంగీతం లేదు, ఎర్రక్షరాలు లేవు. వాడి కూతురు, వాడి పళ్ళెం పక్కన.

"లహరీ, ఏం చేస్తున్నావ్?"

అది మాట్లాడలేదు. మాట్లాడితే ఆట చెడిపోతుంది.

"కళ్ళు తెరువమ్మా."

తల అడ్డంగా ఊపింది. ముక్కు ఎగబీల్చి వాసన పట్టింది. తర్వాత, కళ్ళు మూసుకునే, గుసగుసగా అడిగింది.

"నాన్నగారూ, పప్పుగారు దాటారా?"

వాడు నావైపు చూశాడు. పసిపిల్లాడప్పుడు ఏదైనా పగలగొట్టి ఇలాగే చూసేవాడు.

"నన్ను చూస్తావేంట్రా? నిన్నే అడుగుతుంది. చెప్పు."

కృష్ణప్రియ వేడి గిన్నె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. లహరి కళ్ళు తెరవలేదు.